దుప్పటి రెండో కొస

దుప్పటి గాలిలోకి లేవగానే పిచ్చుక చేతులు వాటంతటవే వెళ్లి రెండో కొసను పట్టుకున్నాయి. పట్టుకున్నాక గుర్తొచ్చింది, ఇప్పుడిది తన పని కాదని. అప్పటికే అటు కొసన పొడుగక్క ఒక్క విదిలింపు విదిలించేసింది. తెల్లటి గుడ్డ గుండ్రంగా ఉబ్బి, లోపలి వెచ్చటి గాలినంతా వదిలేసి మెల్లగా దిగింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచారు. కొసకు కొస కలిసింది. పిచ్చుక వంగి మడతను అందుకుని వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకు వచ్చింది. పలకలా మారిన దుప్పటిని పొడుగక్క అరచేత్తో నిమిరి దొంతర మీద పెట్టింది.

పొడుగక్క తలుపు దాటాలంటే తల వంచాలి. పిచ్చుకకు అల్మరా పై అర అందాలంటే పెట్టె ఎక్కాలి. ఇద్దరికీ ఆ పేర్లు అలా వచ్చినవే. ఒకరు మోకాళ్లు కాస్త వంచి, ఒకరు మునివేళ్ల మీద లేచి, ఆ లాండ్రీలో ఇన్నేళ్లుగా సరిగ్గా మధ్యలో కలుసుకుంటూ వచ్చారు. ఆసుపత్రులవీ హోటళ్లవీ దుప్పట్లన్నీ వాళ్ల చేతుల మీదుగానే వెళ్లేవి. మాటలు కూడా మడతల లాగే నడిచేవి: దగ్గరికి వచ్చినప్పుడు గుసగుసగా, దూరం జరిగినప్పుడు కేకలుగా. అందుకే వాళ్ల రహస్యాలు సగమే రహస్యాలు. మిగతా సగం గదంతా వినేది.

"చాలండి మేడమ్ గారూ. చేతులు కందిపోతాయి" అంది పొడుగక్క.

"అక్కా, నువ్వు కూడా మొదలెట్టావా?"

"నువ్వా? అయ్యో, ఎంత మాట! నేను మిమ్మల్ని మీరు అనాలి. మీరు మాత్రం నన్ను ఏమే, ఒసే అనుకోవచ్చు."

దుప్పట్లను ఇస్త్రీ చేసే రోలరు దగ్గర నిలబడ్డ మామ కిసుక్కున నవ్వాడు. ఆ గదిలో వయసులో పెద్దవాడు కాబట్టి ఆయన అందరికీ మామే. పిచ్చుక కూడా నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పొడుగక్క నవ్వడం లేదు.

వారం కిందట మేనేజరు గారు పిలిచి, సూపర్‌వైజరు పని చూడమన్నారు. డిగ్రీ చదివినవాళ్లు దొరకలేదో, దొరికినవాళ్లు ఆ ఆవిరిలో నిలవలేదో గానీ, ఆయన చూపు తిరిగి తిరిగి పదో తరగతి తప్పిన పిచ్చుక మీద ఆగింది. పాత సూపర్‌వైజరుకు ఈ రోజే ఆఖరి రోజు. "వారం చేసి చూడు. కుదరదనిపిస్తే నీ బల్ల నీదే. ఆఖరి రోజు పని దిగేలోపు చెప్పు" అన్నారు ఆయన. ఏం చెప్పాలో పిచ్చుక నిన్ననే తేల్చేసుకుంది. కుదరదండీ అంటుంది. ఆ ఒక్క మాట అనేస్తే పొడుగక్క మళ్లీ ఏమే అంటుంది, దుప్పటి రెండో కొస మళ్లీ తనదవుతుంది.

పొద్దున కాఫీ తాగుతూ ఆ మాటే మొగుడితో చెప్పింది. పెళ్లయి మూడు నెలలైనా నిండలేదు. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం చూస్తే పిచ్చుకకు ఇంకా నవ్వొస్తుంది. అతను మంగలి. ఉన్న ఒక్క కుర్చీ షాపును దర్బారులా నడుపుతాడు.

"నన్ను చూడు" అన్నాడతను. "నా ముందు కూర్చుంటే ఎంతటివాడైనా తల వంచాల్సిందే. నేనేమైనా అరుస్తానా? కాస్త ఇటు తిప్పండి సార్, అంటాను. అంతే."

"తిప్పకపోతే?"

"చెవి అక్కడే ఉంటుంది, కత్తెరా అక్కడే ఉంటుంది. ఆ సంగతి వాళ్లకీ తెలుసు. సరే, నన్ను తిట్టు. ప్రాక్టీసు అవుతుంది."

"ఏమని?"

"ఈ కప్పు నేనే కడిగాను. ఎలా ఉంది?"

కప్పు అడుగున కాఫీ మరక ఉంగరంలా అలాగే ఉంది. "సరిగ్గా కడగలేదు" అంది పిచ్చుక, కప్పుతోనే చెబుతున్నట్టు.

"వినపడలేదు."

"సరిగ్గా కడగలేదండీ!"

"అండీ ఎందుకే?" అని అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వి, ఆ కప్పు తీసుకెళ్లి తనే కడిగేసింది. ఈ వారమంతా లాండ్రీలో చేసింది కూడా అదే. ఎవరైనా సబ్బు ఎక్కువ పోస్తే చెప్పలేక తనే ఇంకోసారి నీళ్లు తిప్పింది. బండి అడ్డంగా వదిలేస్తే తనే తోసింది. ఊరికే నిలబడి ఇతరుల పని చూడటమంటే ఆమెకు పెళ్లి భోజనంలో వడ్డించకుండా, తినకుండా పంక్తి మధ్యలో నిలబడినట్టు ఉండేది.

టీ వేళ పాత సూపర్‌వైజరు అద్దాల గదిలోంచి పిలిచింది. ఆవిడకు అందరూ పెట్టిన పేరు జైలరమ్మ. ఎప్పుడు చూసినా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గది ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది. ఒక్క గుడ్డ ముట్టుకోదు. అంత పొగరు మనిషిని ఎక్కడా చూడలేదని పొడుగక్క ఎన్నోసార్లు గుసగుసగానూ, కేకగానూ అంది.

"పొద్దుటి నుంచి ఎన్ని మడిచావు?" అంది జైలరమ్మ.

"ఎక్కువేం లేవండి."

"అబద్ధం. మోచేతులు ఎర్రగా ఉన్నాయి." ఆవిడ టీ ఊదుకుంది. "నేను చేతులు ఎందుకు వెనక్కి పెట్టుకుంటానో చెప్పనా?"

పిచ్చుక బిక్కచచ్చి నిలబడింది. జైలరమ్మ అన్న పేరు ఆవిడ చెవిన పడిందన్నమాట.

"వదిలితే పరిగెత్తుతాయి. ఎవరి దుప్పటి కనపడితే వాళ్ల దుప్పటి పట్టుకుంటాయి. నేనూ ఆ బల్ల దగ్గర్నించే వచ్చాను తల్లీ. అందుకే ఒక చేతికి ఇంకో చేతిని కాపలా పెట్టాను."

"మరి ఊరికే నడవడం... సిగ్గుగా ఉండేది కాదా మీకు?"

"చాలా. మొదటి ఏడాది ఇంటికెళ్లి ఉతికిన బట్టలే మళ్లీ ఉతికేదాన్ని." ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూడటం పిచ్చుకకు అదే మొదటిసారి. పై పలువరుసలో ఒక పన్ను కాస్త పక్కకు ఒరిగి ఉంది. "పో. ఒక్క పూట చేతులు కట్టుకుని చూడు. ఆ తర్వాత కుదరదని చెప్పుకో, నేనేం అనను."

తన మనసులో మాట ఆవిడకెలా తెలిసిందో పిచ్చుకకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది. ఎడమ మణికట్టును కుడిచేత్తో గట్టిగా పట్టుకుని గోడ వారగా నిలబడింది. వెంటనే ముక్కు దురద పెట్టింది. ఉతికే డ్రమ్ములు తిరుగుతున్నాయి. పై కిటికీల్లోంచి పడ్డ ఎండ ఆవిరిలో పాలలా కనిపిస్తోంది. రోలరు మామ తడి దుప్పట్లను ఒక వైపు నుంచి అందిస్తుంటే, రెండో వైపు నుంచి అవి అప్పడాల్లా పొడిపొడిగా వస్తున్నాయి. పొడుగక్క ఎదురుగా ఇప్పుడు కొత్తగా చేరిన ఒక నడివయసు ఆవిడ నిలబడి, కొసలు జారవిడుస్తూ నానా తంటాలు పడుతోంది. పిచ్చుక చేతులు వెనకాల ఒకదాంతో ఒకటి పెనుగులాడాయి.

చేతులకు పని లేకపోయేసరికి కళ్లకు దొరికింది. కొత్తావిడ ఎడమచేతి వాటమని కనపడింది. పొడుగక్క ఒక కాలి మీద బరువు వేసి నిలబడుతోందని కనపడింది. ఆ తర్వాత, వ్యానుకు సిద్ధంగా పెట్టిన దొంతరల మీదికి చూపు వెళ్లి అక్కడే ఆగిపోయింది.

తెల్లటి దొంతర పక్కన, పై నుంచి కింది దాకా, సన్నగా ఎండుగడ్డి రంగు గీత ఉంది.

దగ్గరికి వెళ్లి పైనున్న దుప్పటి తీసి చూసింది. అంచున ఏదో నీడ ఉన్నట్టుంది, లేనట్టూ ఉంది. చేతిలో పట్టుకుంటే ఎవరికీ తెలియదు. అన్నీ ఒక్క తీరున మడిచి ఒకదాని మీద ఒకటి పేర్చేసరికి, ఆ లేనట్టున్న నీడలన్నీ కలిసి గీతైపోయాయి. రోలరు మీద చుట్టిన గుడ్డ ఎక్కడో మాడింది. ఆ మాడు దుప్పట్లకు అంటుకుంటోంది. పక్క దొంతరలోనూ అదే గీత. పొద్దున తన చేతుల మీదుగా వెళ్లిన దొంతర అది.

అవి కాన్పుల వార్డుకు వెళ్లాల్సినవి. బయట వ్యాను డ్రైవరు అప్పుడే హారన్ కొడుతున్నాడు.

"ఆపండి" అంది పిచ్చుక. ఆ మాట డ్రమ్ముల చప్పుడులో కలిసిపోయింది. ఊపిరి తీసుకుని, "మామా, రోలరు ఆపు!" అని అరిచింది. తనకంత గొంతు ఉందని ఆమెకే తెలియదు. రోలరు ఆగింది. అందరి చేతులూ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

"ఏమైంది?" అంది పొడుగక్క.

"గీత పడ్డ దొంతరలన్నీ మళ్లీ ఉతకాలి అక్కా. రోలరు గుడ్డ మాడింది."

పొడుగక్క ఒక దుప్పటి తీసి వెలుతురుకు పెట్టి చూసింది. "ఏముంది ఇందులో? ఇంత సన్నటి చార ఎవరికి కనపడుతుంది? పడుకునేవాళ్లు అంచులు చూసుకుంటూ పడుకుంటారా?"

"ఇప్పుడు ఉతక్కపోతే ఆ చార ఇక పోదు."

"పొద్దున సగం నువ్వే మడిచావు. అప్పుడేమయ్యాయి నీ కళ్లు?"

గదంతా వింటోంది. పిచ్చుక మెడ దాకా వేడెక్కింది. ఇప్పుడు సరేలే అనేస్తే వ్యాను వెళ్లిపోతుంది, సాయంత్రానికి తనూ బల్ల దగ్గరికి వెళ్లిపోతుంది. ఎవరూ ఏమీ అనరు.

"అప్పుడు కనపడలేదు. నాదీ తప్పే" అంది. తర్వాత ఎందుకో మొగుడు గుర్తొచ్చాడు. "కాస్త ఇటు వచ్చి చూడక్కా. ఇక్కడ, నా పక్కన నిలబడి."

పొడుగక్క విసుగ్గా వచ్చింది. గోడ వారగా నిలబడింది. దొంతరల వైపు చూసింది. తల ఇటోసారి, అటోసారి వంచింది.

"ఓరి దేవుడా" అంది చివరికి. "గీత గీసినట్టుందే."

"అందరివీ ఒకే తీరు మడతలు కాబట్టే కనపడింది."

"మెచ్చుకుంటున్నావా, తిడుతున్నావా?"

"తెలీదక్కా. రెండూ కొత్తే నాకు."

మామ ముందు నవ్వాడు, ఆ తర్వాత అందరూ. కానీ పని మాత్రం నవ్వినంత తేలిగ్గా జరగలేదు. పిచ్చుక వార్డుకు ఫోను చేసి, తడబడుతూ, సగం దుప్పట్లు ఇప్పుడూ సగం సాయంత్రానికీ పంపుతామని ఒప్పించింది. చార లేనివి ఏరించి వ్యానులో ఎక్కించింది. డ్రైవరు సణిగితే, "రెండోసారి రావాలండి, తప్పదు" అంది. ఈసారి అండీ అన్నా గొంతు వణకలేదు. మాడిన గుడ్డ విప్పించి మామ చేత వేరేది చుట్టించింది. కొత్తావిడను బల్లకు అటు వైపు మార్చింది. ఎడమచేతికి కొస అందేసరికి ఆవిడ దుప్పట్లు జారడం మానేశాయి.

ఆఖరి దొంతర పేరుస్తుండగా ఒక దుప్పటి పెద్దగా ఉబ్బి లేచింది. పిచ్చుక చేతులు కాపలా తప్పించుకుని మళ్లీ పరిగెత్తాయి.

"ఏమే! చేతులు తీయ్!" పొడుగక్క గదంతా వినేలా అరిచింది. "మా ఇద్దరికీ ఇప్పుడిప్పుడే తాళం కుదురుతోంది, నువ్వొచ్చి చెడగొట్టకు. పోయి నీ పని చూసుకోవే!"

ఏమే. చూసుకోవే. తిట్టు తిన్న పిచ్చుక మొహం పుట్టినరోజు పిల్ల మొహంలా అయింది. చేతులు వెనక్కి కట్టుకుని అవతలికి నడిచింది.

నడవాలో మేనేజరు గారు ఎదురయ్యారు. "ఏమంటావమ్మా మరి?"

"కొత్తావిడను మడత బల్ల దగ్గరే ఉంచేయండి" అంది పిచ్చుక. "నా చోటు ఖాళీ అయింది కదా."

అనేశాక గానీ తను ఏమందో ఆమెకు తెలియలేదు. ఆయన తలూపి, నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఈ కబురు ముందుగా చెప్పాల్సిన మనిషి కోసం పిచ్చుక దాదాపు పరుగున అద్దాల గదికి వెళ్లింది.

గది ఖాళీగా ఉంది. కొక్కానికి జైలరమ్మ సంచీ లేదు.

"ఇందాక వ్యాను ముందు సీట్లో ఎక్కి వెళ్లిపోయిందమ్మా" అన్నాడు వెనకాలే వచ్చిన మామ. "వీడ్కోళ్లూ గోలా వద్దంది. నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే గుమ్మంలో నిలబడి కాసేపు విని మరీ వెళ్లింది."

పిచ్చుక ఆ కుర్చీలో కూర్చోలేదు. దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. రేపు పొడుగక్క కాలు సంగతి అడగాలి, కాసేపు కూర్చుని చేసే పని ఏదైనా ఇవ్వాలి అనుకుంది. సబ్బు వాసన తప్ప ఇంకే వాసనా ఎరగని ఆ గదిలో ఏదో కమ్మటి వాసన తగిలి, అప్పుడు చూసింది.

బల్ల మీద, మడిచిన జైలరమ్మ తెల్లటి చేతిరుమాలు మధ్యలో, తనకోసం మిగిల్చిన సగం కమలాపండు ఉంది. తొనల మీది నారంతా ఒలిచి, గింజలు కూడా ఏరి, ఆరిపోకుండా పైన గాజు గ్లాసు బోర్లించి.