గీతలు పడని దుంపలు

మా కళ్ళజోళ్ళ బావ తెచ్చే కాల్చిన బంగాళాదుంపల గురించి చెబితే మీరు నమ్మరు. పైన ఎర్రగా పెళుసు, లోపల వెన్నముద్ద. ఒకటి కొరికితే వచ్చిన కరకరకి, వీధి చివర ఆపిన బస్సు ఉలిక్కిపడి తనంతట తానే నాలుగు గజాలు ముందుకు జరిగింది. చూసింది నేను కాదు, ఆ బస్సు నడిపే మా డ్రైవరు స్నేహితుడే. ఇందులో అబద్ధముంటే సగం అతనిది, మిగతా సగమే నాది.

వారానికోసారి మేం స్నేహితులం ఎవరో ఒకరింట్లో కలిసి భోంచేస్తాం. మర్యాదలేమీ ఉండవు. ఎవరికి చేతనైంది వాళ్ళు వండి తెస్తారు. నేను కబుర్లు తెస్తాను. బావ మాత్రం గుడ్డ కప్పిన పళ్ళెంలో దుంపలు తెస్తాడు. అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అద్దం మీద వెంట్రుకంత గీత కనబడితే ఆ పూట అన్నం సయించని మనిషి.

"అద్దాలు సానపట్టే చేతికి దుంప ఒక లెక్కటోయ్?" అనేవాడు, వడ్డిస్తూ.

మొన్న డ్రైవరు ఇంట్లో కొత్త ఓవెన్ కొన్నారు. అతని భార్య ముచ్చటపడింది. "అన్నయ్యా, ఈసారి వండి తేవద్దు. ఇక్కడే చెయ్యండి, చూసి నేర్చుకుంటాను."

బావ గొంతు సవరించుకుని నడుం నొప్పి గురించి ఏదో మొదలెట్టాడు. నా నోరు ఊరుకుంటేగా. "గుట్టు బయటపడుతుందని భయమేమోనమ్మా, వదిలెయ్," అన్నాను.

"భయం నీకుండాలి, తినేవాడివి," అని ఒప్పేసుకున్నాడు.

ఆ సాయంత్రం కొడుకు డ్యూటీలో ఉన్నాడని కోడల్ని వెంటబెట్టుకొచ్చాడు. నెమ్మదైన పిల్ల. వస్తూనే వంటింట్లో పీట వాల్చుకుని వెల్లుల్లి ఒలవడానికి కూర్చుంది.

"మీ మామయ్య నీకూ నేర్పారా అమ్మాయీ?" అంది డ్రైవరు భార్య.

ఆ పిల్ల నోరు తెరిచే లోపే బావ అందుకున్నాడు. "నేర్పకేం. చెయ్యి తిరగాలిగా. దానికి వదిలేస్తే దుంపలన్నీ చితగ్గొట్టి పెడుతుంది."

కోడలు తల వంచుకుని వెల్లుల్లి ఒలుస్తూనే ఉంది.

బావ దుంపలు చెక్కు తీయడం చూడాలి. ఒక్కో ముక్కనీ దీపానికి ఎత్తిపట్టి, అంచులు చాకుతో గుండ్రంగా చెక్కి, సరిచూసుకుని గిన్నెలో వేశాడు. అవి ఉడికాక నీళ్ళు వంచాడు. అప్పుడా పిల్ల లేచి పక్కకొచ్చి, మాకు వినబడకూడదన్నట్టు అంది. "మామయ్యా, మూతపెట్టి గట్టిగా కుదపండి. పైన గరుగ్గా రేగితేనే..."

"గీతలు పడతాయి. నువ్వు కూర్చో."

ఆమె కూర్చుంది. అతను జేబులోంచి శుభ్రమైన గుడ్డ తీసి, ఉడికిన ముక్కల్ని ఒక్కొక్కటే తుడిచాడు. వేళ్ళు కాలుతున్నా ఓర్చుకుని, మెరిసేదాకా తుడిచి పళ్ళెంలో పేర్చాడు. పైన చల్లటి నూనె పోసి ఓవెన్‌లో పెట్టాడు. చూసేవాళ్ళం మాకేం తెలుసు, అదే విద్య కాబోలు అనుకున్నాం.

బయటికొచ్చిన దుంపలు పాలిపోయి, నున్నగా, నూనెలో మునిగి ఉన్నాయి. డ్రైవరు ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"బావా, ఇవి ఫ్రేములో బిగిస్తే దూరపు చూపుకి పనికొస్తాయి."

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. డ్రైవరు భార్య మాత్రం మెల్లగా, "కొత్త ఓవెన్ కదా, వేడి ఎక్కలేదేమో," అంది.

బావ పళ్ళెం వైపే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు కోడలు లేచి నిలబడింది.

"తప్పు ఓవెన్‌ది కాదత్తయ్యా," అంది డ్రైవరు భార్యతో. " మామయ్య చూడనప్పుడు వేడి నేనే తగ్గించాను. మాడతాయేమోనని."

"అందుకే కాబోలు నిన్ను ముట్టుకోనివ్వరు," అన్నాడు డ్రైవరు, వేళాకోళంగానే.

ఆ పిల్ల ఓవెన్ దగ్గరికి వెళ్ళనేలేదు. నేను అక్కడే ఉన్నాను, చూశాను. బావా చూశాడు. ఊరుకుంటే సరిపోయేది. అందరూ నవ్వేసి అన్నం కలుపుకునేవాళ్ళు, వచ్చే వారం గుడ్డ కప్పిన పళ్ళెం మళ్ళీ వచ్చేది. ఊరుకుంటాడనే అనుకున్నాను. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. సగం కొరికి కంచం అంచున పెట్టేశాడు.

కళ్ళజోడు తీశాడు. తుడవలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దాన్నేమీ అనకండి," అన్నాడు నేల చూస్తూ. "మీరు ఇన్నాళ్ళూ తిన్నవన్నీ అమ్మాయి చేసినవే. నేను పళ్ళెం మోసుకొచ్చానంతే. ఇందాక అన్న మాట... దాని ఎదుటే అన్నాను."

బస్సును నడిపించిన కబుర్లు నా నోట్లో ఒక్కటీ మిగల్లేదు. పొగడ్తలతో అతన్ని అంత ఎత్తుకి ఎక్కించింది నేనే మరి.

డ్రైవరు భార్య బుట్టలో మిగిలిన దుంపలు తెచ్చి కోడలి ముందు పెట్టింది. "ఇప్పుడు చూపించమ్మా."

దుంపలు ఉడికాయి. నీళ్ళు వంచి, మూతపెట్టి, ఆ పిల్ల గిన్నెను మామగారికి అందించింది. "కుదపండి మామయ్యా."

అతను కుదిపాడు. లోపల దుంపలు ఒకదానికొకటి కొట్టుకున్నప్పుడల్లా భుజాలు ముడుచుకున్నాయి.

"ఇంకా," అంది కోడలు. అతను ఇంకా కుదిపాడు. ఆమె ఓవెన్‌లో నూనె పొగలొచ్చేదాకా కాచి, గరుగ్గా రేగిన ముక్కల్ని అందులో వేసింది. చుయ్యిమంది.

తయారయ్యాక అందరం ఆవురావురుమని తిన్నాం. వీధిలో బస్సేదైనా కదిలిందో లేదో ఈసారి ఎవరూ అడగలేదు. బావ పళ్ళెం వైపు చెయ్యి చాపలేదు. కోడలే అతని కంచంలో రెండు ముక్కలు వేసింది.

"వేడిగా ఉన్నాయి, చూసుకుని తినండి."

అతను తల ఊపాడు. కళ్ళజోడు ఇంకా జేబులోనే ఉంది. పెట్టుకుంటే మా ముఖాలు కనబడతాయి. తడుముకుంటూ తిన్నాడు.