చెవిలో వదినమ్మ

బాబాయి నిచ్చెన మీదనుంచి పడ్డప్పుడు గట్టిగా కేకలు పెట్టాడు. పక్క వరసలోనే ఒక మనిషి ఉంది. ఆమెకి వినపడలేదు.

నేను చూసిందే చెబుతున్నాను. మాది మందుల గోడౌను. పైకప్పుదాకా ర్యాకులు, ర్యాకుల మధ్య వరసలు, చివర ప్యాకింగ్ బల్లలు. నాది ప్యాకింగ్ పని. పెట్టెలెత్తే బండి తోలే మీసాలాయన "పడిపోయాడ్రోయ్!" అని అరుస్తూ వస్తే అందరం పరిగెత్తాం. బాబాయి నేలమీద ఉన్నాడు. కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. చుట్టూ సిరప్ సీసాలు పగిలి ఒకటే తియ్యటి వాసన. అప్పటికే అరిచి అరిచి ఆయన గొంతు పోయింది. ర్యాకుకి అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మేం రేడియో అని పిలిచే ఆమె మాకు వీపు పెట్టి పెట్టెలు తీసి ట్రాలీలో సర్దుకుంటోంది. రెండు చెవులమీదా నల్లటి దొప్పలు. "సరే," అంటోంది. ఇంకో పెట్టె తీసి మళ్ళీ "సరే," అంటోంది.

మీసాలాయన వెళ్ళి భుజం పట్టుకుని ఇటు తిప్పాడు. ఆమె నవ్వుతూ తిరిగింది. ఆ తర్వాత కిందికి చూసింది.

మేనేజరు వచ్చి ఒకసారి బాబాయిని, ఒకసారి ట్రాలీని చూశాడు. "అంబులెన్సుకి ఫోన్ చేశాం కదా, మీరంతా ఇక్కడెందుకు? ట్రయల్ నడుస్తోంది, ఫలితం పాడవుతుంది. పదండి, పదండి," అన్నాడు. రేడియో భుజం తట్టి, "నువ్వు కానియ్యమ్మా," అన్నాడు.

మనిషి నేలమీద ఉండగానే అన్నాడా మాట. మీలో కొత్తగా పనిలో చేరినవాళ్ళున్నారు, చదువుకుంటున్నవాళ్ళున్నారు. ఇది గుర్తుపెట్టుకోండి.

ట్రయల్ అంటే ఏమిటో చెబుతాను. ఏ అరలోంచి ఏ పెట్టె తియ్యాలో అంతకుముందు చీటీ చూసుకుని తీసేవాళ్ళం. పెద్దాఫీసువాళ్ళు కొత్త మిషను ఒకటి చూశారు. చెవులకి తగిలించుకుంటే లోపల ఒక ఆడగొంతు చెబుతూ ఉంటుంది: ఫలానా వరస, ఫలానా అర, ఇన్ని పెట్టెలు. తీసి "సరే" అంటే తర్వాతది చెబుతుంది. ఆ గొంతుకి మేం వదినమ్మ అని పేరు పెట్టాం. అంత మెత్తగా మాట్లాడుతూ అంత పని చేయించేది ఇంకెవరుంటారు! అన్ని గోడౌన్లలోనూ పెట్టేముందు ఒకచోట పరీక్షించి చూడాలనుకున్నారు. మా గోడౌనుని ఎంచుకున్నారు. మాలో రేడియోని ఎంచుకున్నారు.

ఆమెకి రేడియో అని పేరు పెట్టింది బాబాయే. షిఫ్టు మొదలయ్యిందగ్గర్నుంచి దిగేదాకా నోరు మూతపడేది కాదు. ఈ వరసలోంచి ఆ వరసకి కేకలేసేది. ఎవరి బిడ్డకి జ్వరం తగ్గింది, ఎవరి అత్త అలిగింది, ఎవరు నిచ్చెనెక్కారు, ఎవరికి బరువు పట్టాలి, అన్నీ ఆ గొంతులోనే తెలిసేవి మాకు. నోరు ఎంత ఆడినా చేతులు ఆగేవి కావు. అంత చురుకైన మనిషి మా దగ్గర ఇంకొకరు లేరు. ఆ నోరు మూస్తే చేతులు ఇంకెంత ఆడతాయోనని మేనేజరుకి ఆశ పుట్టింది. "నువ్వు బాగుందంటేనే మిగతావాళ్ళకి పెడతాం. బాగాలేదంటే తీసి పారేస్తాం," అని ఆమెకి చెప్పాడు. ఆమె నమ్మింది. గర్వంగా మాకందరికీ చెప్పుకుంది కూడా.

బాబాయి తుంటి విరిగింది. ఇక తనంతట తను నడవలేడని డాక్టర్లు చెప్పేశారు.

ఆ రోజునుంచి రేడియోతో ఎవరూ మాట్లాడలేదు. భోజనాల గదిలో ఆమె వచ్చి కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయ్యేది. "కంపెనీ కోడలు" అని ఎవరో అన్నారు, ఆ పేరు నిలిచిపోయింది. ఆస్పత్రికి వెళ్తే బాబాయి భార్య, మా అందరికీ పిన్ని, వార్డు గుమ్మంలోనే ఆపేసింది.

"చెవులు అమ్ముకున్నదానివి, ఇక్కడికెందుకొచ్చావే?"

"పిన్నీ, నాకు నిజంగా..."

"ఆయన నీ పేరే పెట్టి పిలిచాడు. వెళ్ళు."

వెళ్ళిపోయింది. మగడు లారీ మీద ఎక్కడెక్కడో తిరుగుతుంటాడు. ఇంట్లో ఆమె, అత్త. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్న కోడల్ని చూసి ఆ అత్త, "ఏమ్మా, కంపెనీవాళ్ళు నోరు కూడా తీసేసుకున్నారా? ఇంతకాలం కాస్త ఆపవే అని దణ్ణం పెట్టేదాన్ని. ఇప్పుడు గోడలతో నేనే మాట్లాడుకోవాల్సి వస్తోంది," అందట. కోడలు ఏడుస్తుందనుకుందట అత్త. ఏడవలేదట. లేచి గిన్నెలు తోముకుంది.

ట్రయల్ పూర్తయ్యాక పెద్దాఫీసువాళ్ళు పెట్టుకున్న సలహా కంపెనీనుంచి ఒక అమ్మాయి వచ్చింది. చదువుకున్న పిల్ల, మర్యాదస్తురాలు. పలక లాంటి మిషను ఒళ్ళో పెట్టుకుని, రేడియోని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నేను పక్క బల్లమీద పెట్టెలకి టేపు వేస్తున్నాను.

"మిషను వాడటం తేలిగ్గా ఉందా, చాలా తేలిగ్గా ఉందా?"

"పక్కనోళ్ళు పిలిస్తే వినపడదండి."

"అది వేరే ప్రశ్నండి. తేలికేనా?"

"తేలికే."

"తప్పులు తగ్గాయా?"

"తగ్గాయండి. కానీ ఒక మనిషి పడిపోయాడు. నా పక్కనే. అది రాసుకోండి."

ఆ అమ్మాయి పలకమీద వేలితో పైకీ కిందికీ వెతికింది. "దీంట్లో అది రాసే చోటు లేదండి. ప్రమాదాలు చూసే విభాగం వేరు. నేను మిషను పనితనం వరకే."

"ఆ మిషను పెట్టుకున్నందుకే కదమ్మా నాకు వినపడంది!"

"మీ బాధ అర్థమవుతోందండి," అందా పిల్ల. నిజంగానే అర్థమయిందేమో, తల దించుకుంది. కానీ ఏమీ రాయలేదు.

వారం తిరక్కుండా బోర్డుమీద కాగితం అంటించారు. పరీక్ష విజయవంతం. పనిచేసేవారి అభిప్రాయం తీసుకోవడమైనది. త్వరలో అందరికీ.

ఆదివారం మాట్లాడుకుందాం రమ్మని రేడియో ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఆదివారం ఆమె ఇల్లు ఊడ్చి, చాప పరిచి, పెద్ద గిన్నెతో టీ పెట్టింది. ఒక్కరూ పోలేదు. నేనూ పోలేదు. పొద్దు వాలేదాకా గుమ్మంలో కూర్చుంది. చివరికి అత్త వచ్చి, "నాకే ఇంకో గ్లాసు పొయ్యి, పారబోస్తే పాపం," అందట.

తర్వాత మాకందరికీ దొప్పలు వచ్చాయి.

ఆ రోజులు ఎలా చెప్పను? అంతమందిమి ఒకే కప్పుకింద తిరుగుతున్నాం. ఎదురుపడితే ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. పెదాలు కదులుతాయి, కానీ అది మనతో కాదు. గోడౌనంతా "సరే, సరే, సరే." కాస్త ఆగితే వదినమ్మ మెత్తగా, "మీరు ఆగారు," అంటుంది. ఇంటికి పోయి పెళ్ళాం ఏదో అడిగితే "సరే" అంటున్నానని మీసాలాయన చెప్పాడు. ముందు నవ్వుతూ మొదలుపెట్టాడు, మధ్యలోనే లేచి బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. రేడియో ఇన్నాళ్ళూ ఏ నూతిలో ఉందో మాకప్పుడు తెలిసింది. తెలిసినా, వెళ్ళి మాట కలపడానికి మొహం చెల్లలేదు.

ఆ మొహమాటాన్ని కంపెనీయే తెంచింది. బాబాయి సంగతి తేల్చమని పిన్ని గేటు దగ్గరికి వచ్చింది. మేనేజరు అందరి ముందూ అన్నాడు: "విచారణ అయిపోయిందమ్మా. ఆయన కేక పెట్టినట్టు సాక్ష్యం లేదు. పక్కనున్న మనిషికే వినపడలేదుగా. ఎవర్నీ పిలవకుండా ఒక్కడే నిచ్చెనెక్కాడు. తప్పు ఆయనదే."

రేడియో చెవులమీది దొప్పలు తీసి మెడకి వేలాడేసుకుని ముందుకొచ్చింది.

"ఎందుకు వినపడలేదో నేను చెప్తా సార్. ఇక్కడ కాదు, ఏ కోర్టులో చెప్పమన్నా చెప్తా. ఇది పెట్టింది మీరు. ట్రయల్ చెయ్యమంది మీరు. ఆయన అరిచాడు. మీ మిషను వల్ల నాకు వినపడలేదు."

"ఉద్యోగం చెయ్యాలని లేదా?"

"ఉంది సార్. ఆయనకీ ఉండేది."

పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఈసారి మీటింగు బాబాయి మంచం పక్కన. గదిలో చోటు చాలక కిటికీకి వేలాడారు. మీసాలాయన మొదలుపెట్టాడు.

"మాటలెందుకు? రేపు అందరం ఆ దొప్పలు నేలకేసి కొడదాం. పీడా పోతుంది."

"కొడితే?" మంచంమీదనుంచే అన్నాడు బాబాయి. "కొత్తవి కొంటారు. నిన్ను లోపలేస్తారు. మిషనుతో నీకేం గొడవరా? చీటీ చూసుకోవడం కన్నా అదే తేలికని నువ్వే అన్నావుగా."

"మరి ఊరుకోమంటావా?"

"ఎవర్నడిగి పెట్టారు? అది అడుగు. బాగుందో లేదో తేల్చింది ఎవరు? అది తగిలించుకోని వాళ్ళు."

రేడియో అంది: "నన్నడిగారు. నేను చెప్పింది రాసుకోలేదు. ఒక్కదాన్నే కాబట్టి రాసుకోలేదు."

తగాదాలాడుకున్నాం, అరుచుకున్నాం. ఎన్నాళ్ళకో ఒకరి గొంతు ఒకరం వింటున్నాం. చివరికి తేల్చుకున్నాం: ఒక చెవి ఖాళీగా ఉండాలి. మనిషి ఆగితే మిషను నోరెత్తకూడదు. బాబాయి పడిపోవడం ట్రయల్ ఫలితంలోనే రాయాలి. ఇకమీదట ఏ కొత్త మిషను తెచ్చినా, పరీక్షించి తేల్చేవాళ్ళలో మేమూ ఉండాలి.

మిగతా గోడౌన్ల పెద్దలు మిషను చూడటానికి వచ్చారు ఒకరోజు. ఇస్త్రీ చొక్కాలు, మెళ్ళో కార్డులు. సలహా కంపెనీ అమ్మాయి ముందు నడుస్తూ వివరిస్తోంది. రేడియో తన వరసలోంచి బయటికొచ్చి దొప్పలు తీసి ప్యాకింగ్ బల్లమీద మెల్లగా పెట్టింది. ఆ వెనక మీసాలాయన. ఆ వెనక నేను. ఒక్కొక్కరం వచ్చి పెట్టాం. ఒక్కటి కూడా గీత పడలేదు.

"ఏంటిది?" మేనేజరు అరిచాడు. "పెట్టుకోండి! మర్యాదగా పెట్టుకోండి!"

"మీరు ఫలితం చూడ్డానికి వచ్చారు కదండీ," వచ్చినవాళ్ళతో అంది రేడియో. "మీకు చూపించింది సగమే. మిగతా సగం మంచంలో ఉంది. మేం చెప్తాం, వినండి."

నిలబడి చెప్పాం. ఒకరి తర్వాత ఒకరం, మాకొచ్చిన మాటల్లో చెప్పాం. సలహా కంపెనీ అమ్మాయి మాత్రం ఈసారి ఏదో రాసుకుంది.

పోలీసులు వచ్చారు. సామాను పాడుచేశామని కేసు. పట్టుకెళ్ళింది రేడియో ఒక్కదాన్నే. మేం వ్యాన్ చుట్టూ మూగితే, "నాతో రావొద్దు, గేటు వదలొద్దు!" అని లోపల్నుంచి కేకేసింది. లాకప్పులో ఆ గోడలు, ఆ చీకటి, మాట్లాడటానికి ఒక్క మనిషి లేకపోవడం, వీటి గురించి ఆమె నాకెప్పుడూ వివరంగా చెప్పలేదు. "అలవాటే కదా," అంది అంతే.

మేం గేటు వదల్లేదు. పని ఆపేసి ఎండలో కూర్చున్నాం, వానలో కూర్చున్నాం. రేడియో అత్త రోజూ వచ్చి మా మధ్య చాప వేసుకుని మేనేజరుకి వినపడేలా శాపనార్థాలు పెట్టేది. మందుల లారీలు కదలక కంపెనీ దిగొచ్చింది. ఒక చెవి వదిలారు. బాబాయి పడిపోవడం ఫలితంలో రాశారు. పరీక్షించేవాళ్ళలో మావాళ్ళని కూర్చోబెట్టుకున్నారు.

లాకప్పునుంచి వదిలారు గానీ, రేడియోని మాత్రం మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ఆమె కోసం ఇంకా కొట్లాడుతున్నాం. ఆమె వరసలో ఇప్పుడు వేరే అమ్మాయి ఉంది.

అవే దొప్పలు ఊరికి అటుపక్కన ఇంకో కంపెనీ గోడౌనులో పెడుతున్నారని తెలిసింది. రేడియో కరపత్రాలు పట్టుకుని అక్కడికి వెళ్ళింది. ఆ గేటు దగ్గర ఆమెని ఎరిగినవాళ్ళు లేరు. వాచ్‌మన్ రోడ్డు అవతలికి తరిమాడు. అక్కడే నిలబడింది. షిఫ్టు వదిలాక మనుషులు తలలు దించుకుని ఆమె పక్కనుంచే పోయారు. మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే.

ఒకరోజు ఒకామె ఆగింది. చెవుల చుట్టూ ఎర్రటి వాతలు. కాగితం తీసుకోలేదు, అటూ ఇటూ చూసింది.

"మీ దగ్గర పెట్టేముందు మిమ్మల్ని అడిగారా?"

"అడిగారు. మేం చెప్పింది వదిలేశారు."

"మమ్మల్ని అదీ అడగలేదు." కొంగు చెవులమీదికి లాక్కుంది. "నలుగురం ఉన్నాం. మేమెక్కడికీ రాలేం, కంపెనీవాళ్ళు కనిపెట్టి చూస్తుంటారు."

"రావొద్దు. ఇల్లెక్కడో చెప్పు," అంది రేడియో. "నేనే వస్తా."