ఆరాక తెలిసే నలుపు

బ్యాగులో అన్నిటికన్నా అడుగున ఉన్ని నడుంపట్టీలు మూడు పెట్టింది కినుయె. వాటి మీద మందపాటి బనీన్లు, నాలుగు జతల మేజోళ్ళు, గడ్డం కత్తి, పొగాకు పొట్లాలు. ఉప్పులో ఊరవేసిన పుల్లటి ఉమె పళ్ళ సీసాని తువ్వాల్లో చుట్టి మధ్యలో ఇరికించింది. బ్యాగు మూసి, మళ్ళీ తెరిచి, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి నడుంపట్టీలు లెక్కపెట్టింది. మూడే ఉన్నాయి.

"అవేమన్నా పిల్లల్ని పెడతాయనుకున్నావా, గంట నుంచీ లెక్కపెడుతున్నావు?" అన్నాడు తొకుజి. గుమ్మంలో కూర్చుని రబ్బరు బూట్లు తుడుచుకుంటున్నాడు.

"నాలుగోది కూడా పెట్టనా?"

"నాకున్నది ఒక్క నడుమేనే."

ఆరేళ్ళుగా ప్రతి మే నెలలోనూ తొకుజి సాల్మన్ వేటకి ఉత్తరపు సముద్రానికి పోతున్నాడు. ఆగస్టు ఆఖరుకి తిరిగొస్తాడు. ఆరుసార్లూ వెళ్ళినవాడు వెళ్ళినట్టే వచ్చాడు. అయినా బ్యాగు బయటికి తీసిన రోజు నుంచి కినుయెకి అన్నం సయించదు. ఆరుసార్లు వచ్చాడన్నది ధైర్యమో, ఏడోసారి మిగిలి ఉందన్న భయమో ఆమెకే తెలియదు.

ఈసారి ఆమెకి ఇంకో పని కూడా ఉంది. బ్యాగుకి పేరు పట్టీ కుట్టాలి.

ఓడలో ఇరవైమూడు మంది బ్యాగులూ ఒక్కలాంటివే. అందుకని జానెడు తెల్లగుడ్డ మీద కుంచెతో పేరు రాసి కుడతారు. ఉప్పుగాలికి అది ఒక్క ఏడాదిలో చివికిపోతుంది, మళ్ళీ ఏడు కొత్తది. కోహమా ఊళ్ళో అందరికీ ఆ పేర్లు రాసిచ్చేది గుడి పూజారి. ఈ ఏడు మాత్రం మొగుడి పేరు తనే రాస్తానని కినుయె జనవరిలోనే అనుకుంది. నాలుగు నెలల నుంచి నేర్చుకుంటున్నది అందుకే.

చిన్నప్పుడు ఆమెది రెండో తరగతితో ఆగిపోయిన చదువు. తమ్ముళ్ళని వీపున కట్టుకుని తిరగాల్సి వచ్చింది. చేపలు చుట్టే పాత పేపర్లు, డబ్బాల మీది అక్షరాలు పట్టుకుని చదవడం తనంతట తనే నేర్చుకుంది. రాయడం మాత్రం రాలేదు. తొకుజికి ఉత్తరం రాయాలంటే పక్కింటి ఫుమినో దగ్గర కూర్చోవాలి. ఫుమినో మొగుడు గెన్రొకు కూడా అదే ఓడ మీద పోతాడు. ఫుమినో మంచిదే, కాని కలం పట్టుకుని, "ఊఁ, చెప్పు వదినా, సిగ్గెందుకు, అన్నయ్యకే కదా" అనేది. అప్పుడు కినుయె నోటి వెంట, ఇంటి కప్పు బాగుచేయించానని, సముద్రపు నాచు ఈసారి బాగా ఎండిందని, అంతే వచ్చేది. అసలు చెప్పాలనుకున్నది ఆరేళ్ళుగా గొంతులోనే ఉండిపోయింది.

గుడి వెనక గదిలో మాసా పంతులమ్మ స్కూలు పిల్లలకి కుంచెరాత నేర్పుతుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై నాలుగేళ్ళ కినుయె వెళ్ళి పిల్లల వెనక మోకాళ్ళ మీద కూర్చుంటే, పైనుంచి కిందిదాకా చూసింది.

"చేతులు చూపించు అమ్మాయ్."

చేపలు కోసి కోసి పగిలిన చేతులు చూపించింది.

"కత్తి పట్టిన చేతులే. కుంచె కూడా అంతే, గట్టిగా పట్టాలి. పాడయ్యేది సిరా దగ్గరే. సిరా రోగిష్టివాడు అరగదీయాలి, కుంచె రాక్షసుడు పట్టాలి అంటారు. నీకు రాక్షసుడు పలుకుతాడు. రోగిష్టివాడు పలకడం కష్టం."

అన్నట్టే అయింది. సిరా రాయి మీద నాలుగు చుక్కలు నీళ్ళు పోసి, నల్లటి సిరా కడ్డీని గంధం అరగదీసినట్టు గుండ్రంగా, నెమ్మదిగా తిప్పాలి. చెయ్యి తిరుగుతున్నట్టే ఉండకూడదు. కినుయె మాత్రం పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినదానిలా గబగబా రుద్దేది.

"ఎవరు తరుముతున్నారు నిన్ను?" అనేది పంతులమ్మ.

"ఎవరూ లేరండీ."

"లేకపోతే అంత తొందర దేనికి? మళ్ళీ తియ్యి."

పాత పేపర్ల మీద రాసేవారు. పంతులమ్మ ఎర్ర సిరాతో దిద్దేది. కొన్నిసార్లు వెనకనుంచి వచ్చి కినుయె చేతిని తన చేతిలోకి తీసుకుని రాయించేది. మొదటివారం ఒకరోజు, వంకరపోయిన గీతని సరిచేద్దామని కినుయె దాని మీదే మళ్ళీ కుంచె పెట్టింది. పంతులమ్మ చటుక్కున మణికట్టు పట్టుకుంది.

"అది మాత్రం చెయ్యకు. వేసిన గీత వేసినట్టే. దాని మీద మళ్ళీ దిద్దితే అన్నమాట వెనక్కి తీసుకున్నట్టు. తప్పయితే కొత్త కాగితం తీసుకో, రాసినదాన్ని మాత్రం వదిలేయ్."

తొకుజి అన్న పేరులో మొదటి అక్షరం పెద్దది, పద్నాలుగు గీతలు. అడుగున 'మనసు' అనే చిన్న గుర్తు ఉంటుంది, ఒక వంపు, దానికి అటూ ఇటూ మూడు చుక్కలు. పైన ఎంత కుదిరినా అడుగున ఆ మనసు దగ్గర చెయ్యి వణికేది. చుక్కలు చెదిరిపోయేవి. ఏప్రిల్ ఆఖరున ఒకరోజు పంతులమ్మ ఆ అక్షరం చుట్టూ ఎర్రగా పెద్ద పువ్వు వేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కినుయె ఆ పేపరు మడిచి గూట్లో దాచుకుంది.

ఇప్పుడు బ్యాగు సర్దడం అయిపోయాక, గుడ్డ పరుచుకుని కూర్చుంది. సిరా అరగదీస్తూనే ఉంది కాని ధ్యాసంతా బ్యాగు మీదే ఉంది. కడుపునొప్పి మందు పెట్టానా? అగ్గిపెట్టెలు తడవకుండా చుట్టానా? రాతి మీద సిరా నల్లగా కనిపించింది, చాలనుకుంది. ఊపిరి బిగబట్టి రాసింది. పద్నాలుగు గీతలూ నిలబడ్డాయి. మూడు చుక్కలూ చోటున పడ్డాయి. పంతులమ్మ ఉంటే పువ్వు వేసేదే. ఆ సంతోషంలో, తడి పూర్తిగా ఆరకముందే, పొద్దు వాలుతుండగా గుడ్డని బ్యాగుకి కుట్టేసింది.

తెల్లవారి తలుపులు తీసేసరికి పేరు బూడిద రంగులో ఉంది.

తడిగా ఉన్నప్పుడు ఏ సిరా అయినా నల్లగానే కనిపిస్తుంది. అసలు రంగు ఆరాకే తెలుస్తుంది. పిల్లలకి మొదటిరోజే చెప్పే మాట అది. ఇంకో ఊళ్ళో, ఇంకో పని మీద అయితే ఫరవాలేదు. కాని ఆ దేశంలో పలచటి సిరాతో రాసేది చావుకే. పోయినవాళ్ళ ఇంటికి డబ్బు పెట్టి తీసుకెళ్ళే కవరు మీద పేరు అలా రాస్తారు, కన్నీళ్ళు సిరాలో పడి పలచబడిందని.

అప్పుడే ఫుమినో గుమ్మంలోంచి తొంగిచూసింది. "బయల్దేరారా వదినా? మా ఆయన అప్పుడే..." బ్యాగు చూసింది. "ఇదేమిటి, చావుకవరు మీద..." అని నాలిక కరుచుకుంది. "మసక వెలుతురు కదా, అలా కనిపిస్తోంది" అంటూ వెళ్ళిపోయింది. ఆమె వెనకే గెన్రొకు నడుస్తున్నాడు. అతని భుజం మీది బ్యాగుకి పూజారి రాసిన పేరు కాకి రెక్కలా నిగనిగలాడుతోంది.

కినుయె గబగబా రాతి మీద నీళ్ళు పోసింది. చిక్కగా అరగదీసి ఆ గీతల మీదే దిద్దేస్తే? కుంచె ముంచింది కూడా. పంతులమ్మ వేళ్ళు మణికట్టు మీద పడ్డట్టే అనిపించి ఆగిపోయింది. కొత్త గుడ్డ చింపింది.

"ఏమిటది?" అన్నాడు తొకుజి, బూట్లు వేసుకుని.

"కాస్త ఆగయ్యా. పేరు మార్చి కుడతాను. అరగంట."

"ఓడ నా పేరు కోసం ఆగుతుందా?"

"అలా తీసుకుపోకు. చూడు, ఎలా ఉందో. నీకు తెలుసుగా అది దేనికి రాస్తారో."

తొకుజి వంగి చూశాడు. పగిలిన గోటితో ఒక్కొక్క గీతా తడిమాడు.

"నువ్వే రాశావా?"

"నేనే."

"ఎవరూ చెయ్యి పట్టుకోలేదు?"

"లేదు."

"ఆరేళ్ళు పూజారి రాశాడు. నల్లగానే రాశాడు. ఎప్పుడూ ఎవరి పేరో మోస్తున్నట్టుండేది." బ్యాగు భుజాన వేసుకున్నాడు. "సముద్రానికి చదువు రాదే, కినుయె."

ఆమె చేతిలో సిరా కడ్డీ అలాగే ఉంది. మూడడుగులు వెనకే నడిచి, "ఈ ఒక్కసారికి నా మాట విను" అంది.

"వింటూనే ఉన్నాగా. రోజూ. ఓడ మీద కూడా వినిపిస్తుంది, మేజోళ్ళు మార్చుకో అని" అన్నాడు అతను వెనక్కి తిరగకుండానే.

రేవులో అందరిలాగే కాగితపు రిబ్బను కొస పట్టుకుని నిలబడింది. రెండో కొస ఓడ మీద తొకుజి చేతిలో ఉంది. ఎర్రవి, పచ్చవి, తెల్లవి, ఇరవైమూడు ఇళ్ళ రిబ్బన్లు. ఓడ కదిలినకొద్దీ సాగాయి. తనది ముందు తెగకూడదని కినుయె నీటి అంచు దాకా నడిచింది. తనదే ముందు తెగింది. కాస్సేపటికి అందరివీ తెగాయి. బ్యాగు మీది పేరు అప్పటికే చదవడానికి అందడం లేదు.

ఆ రోజు నుంచి తొకుజి కూర్చునే చోట అతని పేర రోజూ పళ్ళెంలో అన్నం, మూతగిన్నెలో సూపు పెట్టింది. దూరాన ఉన్న మనిషి క్షేమంగా ఉంటే అతని గిన్నె మూత లోపల తడి పడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. వేడి సూపు మీద మూత పెడితే తడి పట్టక ఏం చేస్తుంది? అది ఆమెకీ తెలుసు. అయినా రోజూ రెండుసార్లు మూత ఎత్తి, వేలితో తడి చూసుకుని, అప్పుడు తను తినేది.

మే ఆఖర్లో మొదటిసారి తనే ఉత్తరం రాసింది. కుంచెతో, రోజంతా కూర్చుని. కప్పు గురించి, నాచు గురించి ఏమీ రాయలేదు. "నీ పేరు పలచబడింది. నాకు భయంగా ఉంది. నువ్వు లేని ఇంట్లో నాకు నిద్ర పట్టదు, ఆరేళ్ళుగా పట్టలేదు, ఎప్పుడూ చెప్పలేదు. త్వరగా రా."

జూలై పదో తారీఖున జవాబొచ్చింది. తొకుజి రాత ఎప్పుడూ పీతలు పాకినట్టే ఉంటుంది. "ఉప్పునీళ్ళు పడ్డా పేరు పోలేదు. మనసు బాగా కుదిరింది. గెన్రొకు కుళ్ళుకుంటున్నాడు, వాళ్ళావిడ ఎప్పుడూ కప్పు గురించే రాస్తుందట. వచ్చే ఏడు కూడా నువ్వే రాయి. కాస్త నలుపు పెంచు."

ఆగస్టులో మిగతా ఓడలన్నీ వచ్చాయి. తొకుజి ఎక్కిన ఓడ తొమియోషి మారు మాత్రం రాలేదు. జూలై ఇరవై ఆరున గాలివాన మొదలయ్యాక ఆ ఓడ నుంచి రేడియో మాట ఒక్కటీ వినబడలేదని తోటి ఓడలవాళ్ళు తలలు వంచుకుని చెప్పారు. ఇరవై రోజులు వెతికారు. నీటి మీద తేలుతూ ఒక చెక్కపెట్టె దొరికింది, అంతే.

కినుయె నీళ్ళకి వెళితే ఆడవాళ్ళు దారి ఇచ్చేవారు. ఆ చూపుల్లో జాలే ఉందో, ఇంకేదన్నా ఉందో తేల్చుకోలేకపోయేది. బ్యాగు మీది పేరు రంగు రేవులో అందరూ చూశారు. తను సిరా రాతి మీద పోసిన ఆ నాలుగు చుక్కల నీళ్ళు ఇరవైమూడు మందిని ముంచాయని ఎవరైనా అంటే కాదనడానికి ఆమె దగ్గర మాట లేదు. ఎవరూ అనలేదు. అనకపోవడం ఇంకా కష్టంగా ఉండేది.

సెప్టెంబరులో గుడిలో కర్మ పెట్టారు. ఇరవైమూడు పేర్లు ఇరవైమూడు కాగితాల మీద రాసి పెట్టాలి. ముందురోజు మధ్యాహ్నం ఫుమినో వచ్చింది. చేతిలో తెల్ల కాగితం ఉంది. గుమ్మంలోనే నిలబడింది.

ఇన్నాళ్ళూ ఎవరూ అననిదేదో ఇప్పుడు అంటుందని కినుయె తల వంచుకుంది.

"వదినా, మా ఆయన పేరు రాసిపెట్టు" అంది ఫుమినో. "పూజారి రాస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నేను రాద్దామంటే చెయ్యి నిలవడం లేదు."

"నేనా? నా చేత్తో ఎందుకు వదినా, నా చేతిరాత..."

"పూజారి నల్లగా రాశాడు కదా. ఎంత నల్లగా రాశాడో నువ్వూ చూశావు." ఫుమినో మెట్టు మీద కూలబడింది. "నల్లగా రాసినవాళ్ళూ రాలేదు వదినా. ఇరవైరెండు మంది."

కినుయె లోపలికి వెళ్ళి సిరా రాయి తెచ్చింది. ఆ పగలు మొదటిసారి ఆమెకి తొందర లేదు. ఎక్కడికీ సర్దాల్సిన బ్యాగు లేదు. కడ్డీ రాతి మీద తిరుగుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా తిరిగింది. రోగిష్టివాడు అరగదీసినట్టే. సిరా చిక్కబడి, తారులా, తేనెలా అయింది. నేర్చుకున్న ఆ నాలుగు నెలల్లో ఒక్కసారీ అంత మంచి సిరా ఆమె చేతికి రాలేదు.

అందులోంచి కాస్త వేరే గిన్నెలోకి తీసి నీళ్ళు పోసి, గెన్రొకు పేరు ఆచారం ప్రకారం పలచగా రాసింది. ఫుమినో కాగితం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

తర్వాత తొకుజి కాగితం పరుచుకుంది. ఫుమినో నీళ్ళగిన్నె అందించబోయింది. కినుయె సిరా రాయిని అరచేత్తో మూసింది.

"పలచగా రాయాలి కదా వదినా" అంది ఫుమినో మెల్లగా.

"రాశాను. అతనికి అది ముందే రాసిచ్చాను" అంది కినుయె. "ఇది నలుపు పెంచమన్నాడు."

పద్నాలుగు గీతలు, అడుగున వంపు, మూడు చుక్కలు. చెయ్యి ఎక్కడా వణకలేదు. ఆరనిచ్చి చూసుకుంది. ఆరాక కూడా నల్లగానే ఉంది.

సుగావారా తొకుజి షోవా శకం ముప్పై మూడో ఏడు మే పదకొండున ఉదయం కోహమా రేవు నుంచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.