పద్నాలుగో పాఠం

పెద్దాయన భార్య గొంతును ఆయన శిష్యుడే చెరిపేశాడు. అందులో అనుమానమేమీ లేదు.

పలక మీద అక్షరాలు దిద్దిన పల్లెటూరి బడి నుంచి వచ్చి, ఫోనులో భాషలు నేర్పే విభాగానికి అధిపతిగా రిటైరయ్యాడాయన. మొదటి పాఠాలకు గొంతిచ్చింది భార్యే. ఫ్యాను ఆపి, దుప్పటి కప్పుకుని, చెమటలు కక్కుతూ నాలుగొందల వాక్యాలు చదివింది. "మీ వాళ్లకు భాష వస్తుందో రాదో గానీ నాకు ఆయాసం వచ్చేట్టుంది" అని నవ్వింది. ఆ నవ్వు పద్నాలుగో పాఠంలో ఉండిపోయింది. కత్తిరిద్దామన్నాడు శిష్యుడు. ఈయన వద్దన్నాడు.

ఆమె పోయి ఏడాదిన్నర. మిగతా పాఠాలన్నీ ఎప్పుడో కొత్త గొంతులకు మారాయి. ఆ ఒక్కటే మిగిలింది. రోజూ ముఖం కడుక్కోగానే తెరిచేవాడు.

"తలుపు తియ్యండి, చేతులు ఖాళీగా లేవు" అనేదామె.

నాలుగు బొమ్మల్లోంచి, సంచులతో గుమ్మంలో నిలబడ్డ మనిషిని నొక్కేవాడు. పచ్చ టిక్కు పడేది. నవ్వు వినపడేది.

సోమవారం ఆమె గొంతు వినపడాల్సిన చోట ఎవరో అమ్మాయి బస్సు ఎన్నింటికని అడిగింది.

ఆఫీసులో తన పాత గదికి వెళ్లాడు. ఇప్పుడు అందులో శిష్యుడు కూర్చుంటున్నాడు.

"కూర్చోండి మాస్టారూ."

"కూర్చోడానికి రాలేదు. ఎవడి పెత్తనంరా ఇది?"

"నేను వేలు కూడా పెట్టలేదండీ. యంత్రమే తీసేసింది."

"యంత్రానికి నా మీద పగా?"

శిష్యుడు తెర ఇటు తిప్పాడు. అందులో ఒక రూలు ఉంది. వరసగా ఐదొందల సార్లు ఒక్క తప్పూ పడకపోతే అది నేర్పడానికి పనికిరాని వాక్యం. మూల ఫైలుతో సహా తీసెయ్యాలి.

"ఈ రూలు మీరు రాసిందే. దీనికే గదా మీకు శాలువా కప్పారు."

"ఐదొందల మంది విన్నారా?"

"ఒక్కరే. ఆ పాత పాఠం ఇంకెవరూ తెరవట్లేదు. రోజూ పొద్దున ఆరూ పదికి." శిష్యుడు కళ్లు దించుకున్నాడు. "ఒక్కసారి తప్పు నొక్కినా ఉండేదండీ."

పెద్దాయనకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

పొద్దున సంగతి విన్న కూతురు సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. "అమ్మ గొంతు దొరికిందా నాన్నా?"

"లేదు."

"ఎవరు తీసేశారట?"

"నా శిష్యుడే."

"ఎందుకని?"

"ఇంకెప్పుడూ ఆ మాట నా దగ్గర ఎత్తకు" అని పెట్టేశాడు.