గాలి పీల్చే కాలు

జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఎంత గట్టి మనిషైనా ఆ పూటకు కేకలు పెడతాడు. నేను పెట్టలేదు. సుగరు ముదిరితే పాదాలకు నొప్పి తెలియదని నాకేం తెలుసు? సూరమ్మ అంటే మాటలా అని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. ఆ గొప్ప మూడు నెలలు నడిచేసరికి కాలు లోపల్లోపలే కుళ్ళింది. కొల్లేట్లో గవర్నమెంటువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన వేసవిలో నన్ను ఏలూరు తీసుకొచ్చి ఒక ఆసుపత్రిలో పడేశారు. కుడి కాలి చిటికెన వేలు తీసేశారు. వేలు పోయిన చోట కోడిగుడ్డు పట్టేంత గొయ్యి మిగిలింది. అది మూడు వారాలైనా పూడలేదు.

డాక్టరు కౌశిక్ గారు వయసులో చిన్నవాడు, మాట మెత్తన. ఒక శుక్రవారం నాడు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"సూరమ్మగారూ, కొత్త పద్ధతి ఒకటి చేద్దామండీ. పుండులో స్పాంజి పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం గాలి చొరకుండా అంటిస్తాం. దానికో గొట్టం తగిలించి మిషనుతో లాగుతాం. చెడ్డ నీరంతా సీసాలోకి వచ్చేస్తుంది. రక్తం బాగా అందుతుంది, కొత్త కండ పడుతుంది."

"పడకపోతేనండీ?"

ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. "వచ్చే శుక్రవారం చూస్తాను. ఎర్ర కండ కనబడితే సరే. లేకపోతే పాదం సగం తీసెయ్యాలి. ఇంకా ఆగితే విషం పైకి పాకుతుందండీ."

నేను చేపల గంప నెత్తిన పెట్టుకుని భీమడోలు దాకా ఊళ్ళు తిరిగే మనిషిని. మా ఆయన పోయాక నన్ను నిలబెట్టింది ఈ రెండు కాళ్ళే. సగం పాదంతో గంప మోయలేను. ఇక మా వదిన మంగాయమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, ఆవిడ మోకాళ్ళ నొప్పి కథ వినడమే మిగులుతుంది. ఆ కథకు మొదలుంది, చివర లేదు. వదిన మా ఆయనకు అక్క. అప్పుడు నాకు తోడుగా వచ్చి, నా మంచం కిందే చాప వేసుకుని ఉంటోంది. కథ అక్కడ కూడా నడుస్తూనే ఉంది.

మిషను పెట్టారు. దాని మీద గడియారం లాంటిది ఒకటుంది. ముల్లు నూట పాతిక దగ్గర నిలబడాలట. అది నిలబడితే కదా! ఎనభైకి పడేది, అరవైకి పడేది. కాలి దగ్గర నుంచి సన్నగా "సుయ్" అని చప్పుడు. తాడేపల్లిగూడెం అమ్మాయి సిల్వియా మా నర్సు. పరుగున వచ్చి ఇంకో కాగితం ముక్క అంటించేది. గంట బాగుండేది, మళ్ళీ సుయ్. డాక్టరుగారు ఆదివారం ఒకసారి, మంగళవారం ఒకసారి మొత్తం ఊడదీసి మళ్ళీ కట్టారు. వేళ్ళ సందులో కాగితం సరిగా అతుక్కోవడం లేదన్నారు. అంటించి పీకి, అంటించి పీకి నా పాదం తోలు చింత తొక్కలా లేస్తోంది.

మంచం మీద పడుకున్నదానికి వేరే పనేముంది? ఆ చప్పుడు నేర్చుకున్నాను. నా ముందు పళ్ళ మధ్య సందుంది. నాలుక దానికి ఆనించి గాలి లాగితే అచ్చం అదే సుయ్. మొదటిసారి సిల్వియా ట్రే పడేసి పరుగెత్తుకొచ్చింది. నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను. రెండోసారి వచ్చేసరికి వదిన నవ్వు ఆపుకోలేక బయటపెట్టేసింది.

"మీకు కాలు కావాలా, ఆటలు కావాలా మామ్మగారూ?" అంది సిల్వియా నడుం మీద చేతులు పెట్టుకుని.

"రెండూ కావాలమ్మా," అన్నాను.

బుధవారం పొద్దున్న వదిన కొడుకు క్రీస్తుదాసు చూడటానికి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు. చేపల చెరువులకు నీళ్ళు తోడే ఇంజన్ల మీద పనిచేసేవాడు. చెరువులు పోయాక ఖాళీ. వచ్చినవాడు ముందు నన్ను పలకరించాలి కదా! మిషను దగ్గర గొంతుక్కూర్చుని చెవి ఒగ్గాడు.

"అత్తా, ఇది గాలి పీల్చేస్తుంది."

"పీల్చడానికే కదరా పెట్టారు!"

"పుండులోంచి పీల్చాలి గానీ, ఏలూరు గాలంతా పీలిస్తే ఎలాగే? పైపు జాయింటు దగ్గర సందుంటే ఇంజనూ ఇలాగే ఏడుస్తుంది. రోజంతా తిరుగుతుంది, చుక్క నీరెత్తదు."

"సందెక్కడుందో వాళ్ళకే తెలియడం లేదురా."

"చెరువు మీదైతే బీడీ ముట్టించి జాయింటు చుట్టూ పొగ పట్టేవాణ్ణి. ఎక్కడ పొగ లోపలికి వంగితే అక్కడే చిల్లు."

"ఇక్కడ బీడీ ముట్టించావంటే సిల్వియా నీకూ గొట్టం తగిలిస్తుంది," అంది వదిన. అన్నదే గానీ, లేచి కింద క్యాంటీనుకు వెళ్ళింది. క్యాంటీను దత్తాత్రేయులుగారు గల్లాపెట్టె మీది దేవుడి పటానికి రోజూ అగరొత్తులు వెలిగిస్తారు. మెళ్ళో సిలువ గొలుసుతో వెళ్ళి అగరొత్తి అడిగిన మనిషిని చూసి ఆయన ఏమనుకున్నాడో గానీ, భక్తిగా రెండు ఇచ్చాడు.

ఒకటి వెలిగించాం. క్రీస్తుదాసు దాన్ని నా పాదం చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. పొగ నిటారుగా లేస్తోంది. నాలుగో వేలి మొదట్లోకి రాగానే దారం పట్టి లాగినట్టు వంగి లోపలికి పోయింది.

"దొరికాడు దొంగ!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే సిల్వియా వచ్చింది. అగరొత్తిని చూసింది, నా తలగడ పక్కనున్న బైబిలును చూసింది.

"ఏంటండీ ఇది?"

"దోమలకమ్మా," అన్నాను.

"పగలు పదకొండు గంటలకా?"

"ఏలూరు దోమలకి టైమేంటమ్మా!"

"ఆర్పండి ముందు! అటు చివర మంచానికి ఆక్సిజన్ పెట్టారు." అగరొత్తి లాక్కుని నీళ్ళలో ముంచింది. వెళ్తూ వెళ్తూ, "మీ పాస్టరుగారికి చెప్పనులెండి," అంది.

ఆ అమ్మాయికి అప్పుడే చెప్పేయాల్సింది. చెబితే మళ్ళీ అంతా పీకి మొదలుపెడతారని భయం. శుక్రవారానికి మధ్యలో ఒక్కరోజే ఉంది.

"చెరువు మీదైతే ఏం చేస్తావురా?" అని అడిగాను.

"బంకమన్ను ముద్ద కొడతాను."

"నా కాలికి బంకమన్నా?" అన్నాను. ఆ మాత్రం బుద్ధి నాకుంది. వదిన మళ్ళీ లేచి క్యాంటీనుకు వెళ్ళింది. సుగరు రోగులకు చపాతీలు చేస్తారు కదా, నిమ్మకాయంత పిండి ముద్ద అడిగి తెచ్చింది. క్రీస్తుదాసు సబ్బుతో చేతులు కడుక్కుని, దాన్ని తడిచేసి మెత్తగా పిసికి, కాగితం పైనుంచే వేళ్ళ సందులోకి ఒత్తాడు. కాగితం కిందికి గోరంత కూడా పోనివ్వలేదు.

సుయ్ ఆగిపోయింది. స్పాంజి ముడుచుకుని ఎండు చేపలా బిగిసింది. ముల్లు లేచి నూట పాతిక మీద కూర్చుంది.

మధ్యాహ్నం సిల్వియా వచ్చి గడియారం అద్దం మీద వేలితో కొట్టి చూసింది. "మిషను పాడైందా?"

"బాగుపడిందమ్మా," అన్నాను, దుప్పటి పాదాల మీదికి లాక్కుంటూ.

గురువారమంతా ముల్లు కదల్లేదు. సీసాలోకి నీరు బొట్లు బొట్లుగా దిగుతూనే ఉంది. పిండి ఎండి పగలకుండా వదిన గంటకోసారి తడి వేలితో రాసింది. రాస్తున్నంతసేపూ మోకాళ్ళ కథ చెప్పింది. విన్నాను. అంతకన్నా ఏం చెయ్యను?

శుక్రవారం పొద్దున్నే డాక్టరుగారు వచ్చారు. ఆపరేషన్ థియేటరు సిద్ధంగా ఉంచమని అప్పటికే చెప్పారట. మొహంలో నవ్వు లేదు. దుప్పటి ఎత్తబోయి ఆగారు. నేల మీద వదిన టిఫిను డబ్బా దగ్గర బయలుదేరిన చీమల బారు, మంచం కోడు ఎక్కి, దుప్పటి అంచు దాటి లోపలికి పోతోంది.

"ఈ చీమలేంటండీ?"

"సుగరు పేషంటుని కదండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. దుప్పటి తీసి, వేళ్ళ సందులోది రెండు వేళ్ళతో గిల్లి, వాసన చూశారు. "ఇది పిండి! పుండు మీద చపాతీ పిండి పెట్టారా?"

"పుండు మీద కాదండీ, కాగితం మీద."

"ఎవరు పెట్టారు?"

గుమ్మం దగ్గరున్న క్రీస్తుదాసు రెండు చేతులూ జోడించాడు. డాక్టరుగారు కళ్ళజోడు సవరించుకుని, కాగితం అంచు చుట్టూ చూశారు. ఒక్క చీమా కాగితం కిందికి పోలేదు.

"ముల్లు ఎప్పటి నుంచి ఇలా నిలబడింది, సిల్వియా?"

"బుధవారం పగటి నుంచండీ."

ఆయన మిషను ఆపి, నీళ్ళతో తడుపుతూ స్పాంజిని మెల్లగా లాగారు. వదిన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. నేను మూసుకోలేదు. స్పాంజి ఊడి వచ్చేచోట చుర్రుమంది. ఆ కాలికి ఇన్ని నెలల్లో నొప్పి తెలియడం అదే మొదటిసారి. గొయ్యి నిండా రక్తపు చుక్కలు. తుడిస్తే అడుగున ఎరుపు. ఎన్ని వేల చేపలకు మొప్పలు ఎత్తి చూపించి అమ్మానో! తాజా మొప్ప ఎరుపు నాకు ఒకరు చెప్పాలా?

"థియేటరు వద్దని చెప్పు," అన్నారు డాక్టరుగారు సిల్వియాతో. తర్వాత నా వైపు తిరిగారు. "పేగు ఆపరేషనై కడుపుకి సంచీ పెట్టుకున్నవాళ్ళకి వాడే పేస్టు ఒకటుందండీ. సందుల్లో అది పెడదాం. నాకే ముందు తట్టాల్సింది. మళ్ళీ పిండి కనబడిందంటే మాత్రం నేనూరుకోను."

"దానికి చీమలు పట్టవు కదండీ?" అని అడిగాడు క్రీస్తుదాసు.

అప్పుడు నవ్వారు.

ఇంకో ఐదు వారాలు మిషను నడిచింది. గొయ్యి పూడాక తొడ మీది పల్చటి చర్మం తీసి అతికించారు. ఆ రోజుల్లో కట్టు కట్టిన ప్రతిసారీ డాక్టరుగారు, అచ్చం క్రీస్తుదాసులాగే, నా పాదం పక్కన గొంతుక్కూర్చుని చెవి ఒగ్గేవారు.

ఇంటికి పంపే రోజు మామూలు గుడ్డ కట్టు ఒక్కటే ఉంది. మిషను అప్పటికే వేరే మంచానికి పోయింది. డాక్టరుగారు చివరిసారి కట్టు చూద్దామని వంగారు. అలవాటు కొద్దీ చెవి దగ్గరికి పెట్టారు.

నేను నాలుక పళ్ళ సందుకు ఆనించాను.

"సుయ్..."

"సిల్వియా, పేస్టు తీసుకురా! మళ్ళీ లీకు!" అంటూ ఆయన మంచం కింద గొట్టం కోసం వెతకడం మొదలుపెట్టారు.