ఎర్రగుట్ట కల్లు లొట్టి

నన్ను చూసిన పట్నపువాళ్ళు నీళ్ళ కుండ అనుకునేవాళ్ళు. వాళ్ళ తప్పేమీ లేదు. మెడ కాస్త సన్నం, పొట్ట కాస్త గుండ్రం, ఒళ్ళంతా పొగమసి. కానీ ఆ రోజుల్లో నీళ్ళు నాలో పడింది కడిగినప్పుడు మాత్రమే. నేనొక కల్లు లొట్టిని. తాటిచెట్టు తలలో, గెల పక్కన, నారతాడుకు వేలాడుతూ బతికినదాన్ని. అంత ఎత్తు నుంచి చూస్తే గానుగుపల్లిలో పెద్దమనిషికీ మామూలు మనిషికీ తేడా తెలిసేది కాదు. అందరూ నడినెత్తులే.

నన్ను చేసింది కుమ్మరి రాజవీరు. నీళ్ళ కుండలకంటే ఒక పూట ఎక్కువసేపు నన్ను ఆవంలో ఉంచాడు. "కల్లు పొంగే సరుకు. మెత్తగ కాలిస్తే పలుగుతది" అన్నాడు కొనడానికి వచ్చిన ఉప్పలయ్యతో. ఉప్పలయ్య నన్ను చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూశాడు. మోత నచ్చింది. ఆ రోజు నుంచి నేను కల్లు గీతవాళ్ళ ఇంటిదాన్ని.

ఉప్పలయ్య మొదట నన్ను చెరువు కట్ట కింది చెట్లకు కట్టాడు. అక్కడంతా నల్లరేగడి. ఏడాది పొడుగునా తడి ఆరని నేల. సాయంత్రం కడితే పొద్దున్నకు మెడదాకా నిండేదాన్ని. నిండుతున్నానని నాకు గర్వంగా కూడా ఉండేది. ఆ కల్లు పలుచగా ఉంటుందనీ, పొద్దెక్కేసరికి పులుపెక్కుతుందనీ అప్పుడు నాకు తెలియదు. పోల్చడానికి ఇంకో రుచి ఎరిగుంటే కదా!

రెండో ఏడు వాగు ఒడ్డుకు మార్చాడు. అక్కడ ఇసుక నేల. తెల్లవారుజామున వాగు మీంచి చలిగాలి వచ్చి నన్ను చుట్టుకునేది. ఆ కల్లు తేటగా, చల్లగా, నాలుక మీద నిలవకుండా జారిపోయేది. అదే మనిషి, అదే కత్తి, అదే చేతి నేర్పు. కట్ట కింది చెట్టుకూ వాగు చెట్టుకూ మధ్య దూరం గట్టిగా అరిస్తే వినిపించేంత. అయినా రెండు ఊళ్ళ మనుషుల్లా వేరు వేరు స్వభావాలు. చెట్టు తన కాళ్ళ కింద ఉన్నదాన్నీ, తన తల మీద వీచినదాన్నీ కలిపి నాలోకి ఒంపుతుందని నాకు అక్కడే అర్థమైంది.

ఉప్పలయ్యకు ఈ సంగతి నాకంటే ముందే తెలుసు. అతని భార్య అండాలుకు అతనికంటే బాగా తెలుసు. చెట్ల కింద కల్లు పోసే చోటును ఆ ఊళ్ళో మండువ అంటారు. మండువలో పోసేది ఆమే. ఒక్కో లొట్టిలోంచి ఒక గుక్క నోట్లో వేసుకుని, ఒక్క క్షణం ఆగి ఉమ్మేసి, "ఇది వాగు మీద మూడో చెట్టుది. రాత్రి అక్కడ మంచు పడ్డది" అనేది. ఉప్పలయ్య నవ్వి తలూపేవాడు. ఆమె మాట ఒక్కసారీ తప్పింది లేదు.

ఆ మాఘంలో ఒక పొద్దున మంచుకు తడిసిన చెట్టు మీద మోకు జారింది. నడుముకూ చెట్టుకూ కలిపి కట్టుకునే తాడు అది. ఉప్పలయ్య సగం దూరం నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ తుంటి విరిగింది. నాలుగు నెలలు మంచంలో ఉండి, కర్ర పట్టుకుని లేచాడు. ఇక చెట్టు మాట ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు.

ఇంటి వెనక బోర్లించి ఉన్న నన్ను ఒకరోజు అండాలు చేతిలోకి తీసుకుంది. మోకు కూడా తీసింది.

"ఏడికే?" అన్నాడు ఉప్పలయ్య.

"చెట్టెక్కుడు నేర్చుకోను."

"నీకేమన్న పిచ్చా?"

"పిచ్చేందయ్యా. నీకు నోరున్నది, నాకు కాళ్ళున్నయి. కింద కూసొని చెప్పు. ఎక్కుత."

పెరట్లో ఒక పొట్టి తాటిచెట్టు ఉంది. నలభై రెండేళ్ళ మనిషి దాని మీద ఎక్కడం నేర్చుకుంది. మొదటి వారం మోకాళ్ళు చెక్కుకుపోయాయి. రెండో వారం అరచేతులు. ఉప్పలయ్య కింద నుంచి "కాలు మెలెయ్యి! కిందికి జూడకు! నడుము ఎనుకకు వాల్చు!" అని అరిచి అరిచి, చివరికి గొంతు పోయి కర్రతో నేల మీద కొడుతూ చెప్పేవాడు. మూడు నెలలకు ఆమె పొడుగుచెట్టు తల ముట్టుకుంది. ఆ రోజు ఉప్పలయ్య అటువైపు తిరిగి కూర్చున్నాడు. ఎందుకో నాకు కనిపించింది. చెప్పను.

కానీ చెట్లు గీత సంఘానివి. ఎవరికి ఏ చెట్లో సంఘం పెద్ద నర్సాగౌడ్ చెప్పాలి. ఆయన మీసం దువ్వుకుని, "మన దగ్గర ఆడమనిషి మోకు కట్టుడు ఎన్నడన్న ఉన్నదా కోడలా? ఏదన్నయితే మాట మాకొస్తది" అన్నాడు.

"మా ఆయన పడ్డప్పుడు మాటెవలకొచ్చింది మామా?" అంది అండాలు.

మనుషులకు జవాబు లేనప్పుడు ఇవ్వడానికి ఏదో ఒక పనికిరానిది ఉంటుంది. "సరే. ఎర్రగుట్ట మీది పద్దెనిమిది చెట్లు గీసుకో. సభ్యత్వం మాత్రం ఇయ్యం" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆ గుట్ట చెట్లను పదేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. పైదాకా నడవడమే కష్టం, నడిచినా కల్లు పడదని.

పడదన్నది నిజమే. మొదటి పొద్దున నాలో నాలుగు వేళ్ళ మందం కూడా లేదు. నాకు సిగ్గేసింది. అక్కడి నేల చెప్పులు కూడా కొరుకుతుంది. పైన ఎర్రటి మొరం, కింద రాయి. వాన పడితే నిలవకుండా జారిపోతుంది. చెట్టు బండ సందుల్లోంచి వేరు దింపి, ఎక్కడో లోతున ఉన్న చెమ్మను పట్టుకు బతకాలి. పగలు బండలు కాగుతాయి. పడమటి గాలి ఆకులను గలగలలాడిస్తుంది. తెల్లవారేసరికి అవే బండలు చల్లబడి ఒళ్ళు వణికిస్తాయి. ఆ చెట్లు ఒక్కో బొట్టునూ లెక్కచూసి వదులుతున్నట్టుండేది.

అండాలు నన్ను దింపి, గుట్ట మీదే కూర్చుని ఒక గుక్క తీసుకుంది. ఈసారి ఉమ్మలేదు. ఇంకో గుక్క తీసుకుంది.

ఆ కల్లు చిక్కగా ఉంది. మొదట తీపి, తర్వాత మాగిన తాటిపండు వాసన, చివర్లో రాయిని నాకినట్టు చిన్న వగరు. కట్ట కింది కల్లు పులిసిపోయే వేళకు కూడా ఇది నిలకడగా ఉంది. ఇంటికి తెచ్చి ఉప్పలయ్యకు పోస్తే అతను తాటాకు డొప్ప దించకుండా తాగి, "మా నాయన ఉన్నప్పుడు తాగిన. మల్ల ఇయ్యాల" అన్నాడు.

రెండు నెలల్లో గుట్ట కింద అండాలు మండువకు పక్క ఊళ్ళవాళ్ళు నడిచి రావడం మొదలుపెట్టారు. నవ్వినవాళ్ళలో ఇద్దరు కూడా వచ్చారు. నలుగురికి సరిపోయేదాన్ని పది మందికి సర్దడం కుదరక, ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఆమె ఉత్తచేతులతో పంపేది. "కొన్ని నీళ్ళు కలుపరాదే" అని ఒకాయన సలహా ఇస్తే, "నీళ్ళు నీ ఇంట్ల లేవా?" అంది.

అప్పుడొచ్చాడు విశ్వనాథం. మండల కేంద్రంలో పెద్ద కల్లు దుకాణం ఆయనది. నాలుగు ఊళ్ళ కల్లు డ్రమ్ముల్లో పోసుకుపోయి, అన్నీ ఒకటిగా కలిపి అమ్మేవాడు. ఆ డ్రమ్ముల్లో కల్లుకంటే నీళ్ళూ తీపిపొడీ ఎక్కువని అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఎవరూ మాట్లాడేవారు కాదు.

"అండాలమ్మా, నీ గుట్ట కల్లు దినాం రెండు లొట్లు నాకియ్యి చాలు. డ్రమ్ముకు గింత పోస్తే వాసనకు నిలబడతది" అన్నాడు.

"నా చెట్లు నీ పొడికి వాసనియ్యనీకి లేవు సేటూ" అంది ఆమె, కత్తి నూరుతూనే.

నెల తిరక్కుండా విశ్వనాథం దుకాణంలో తాగిన పదకొండు మంది వాంతులతో పడిపోయారు. ఒకతనికి రెండు రోజులు తెలివి రాలేదు. విచారణకు అధికారి వస్తే, విశ్వనాథం క్షణం తడుముకోకుండా చెప్పాడు: "గానుగుపల్లి గుట్ట మీద ఒక ఆడమనిషి గీస్తది. ఆ దినం ఆమె కల్లే పోసిన. ఆమెకు సంఘంలో సభ్యత్వం కూడా లేదు."

మర్నాడు పొద్దున్నే జీపు వచ్చింది. విశ్వనాథమూ ఆయన మనుషులూ వెంట వచ్చారు. వాళ్ళలో ఒకడు గుట్ట మీది ఒక పొట్టిచెట్టుకు వేలాడుతున్న నన్ను కర్రతో కొట్టి దించాడు. మొరం మీద పడ్డాను. మెడ నుంచి పొట్టదాకా పగులు. ఆ స్థితిలోనే నన్ను సాక్ష్యంగా పంచాయతీ ఆఫీసుకు మోసుకుపోయారు. అరుగు మీద పెడితే నాలో మిగిలిన కాస్త కల్లు పగులులోంచి కారుతూ ఉంది.

అధికారి చెడ్డవాడు కాదు. "నమూనా ల్యాబుకు పంపుతామమ్మా. మూడు నాలుగు వారాల్లో రిపోర్టు వస్తుంది. అప్పటిదాకా చెట్లు ముట్టుకోవద్దు" అన్నాడు.

"మూడు వారాలా సారూ?" అంది అండాలు. "రెండు పూటల గీస్తెనే గెల కారుతది. నాలుగొద్దులు ఆపితే ఎండిపోతది. ఈ ఏటికి అయిపాయె. నేను తప్పు చేయలేదని మీ కాయితం వచ్చినంక నేనేం గియ్యాలె?"

అధికారి, కబురంది వచ్చి కూర్చున్న నర్సాగౌడ్ వైపు చూశాడు.

అండాలు ముందుకొచ్చింది. ఉప్పలయ్య భుజం మీది తువ్వాల లాక్కుని తన కళ్ళకు కట్టుకుంది. "మామా, ఊళ్ళె ఏ చెట్టు కల్లయిన తేండ్రి. ఆ సేటు దుకాణంల మిగిలింది గూడ తేండ్రి. ఏది ఏ నేలదో చెప్త. ఒక్కటి తప్పినా మోకు నీ కాళ్ళకాడ పెట్టి పోత."

నర్సాగౌడ్ మీసం దువ్వుకున్నాడు. తర్వాత తనే లేచి వెళ్ళాడు. గంటకు తిరిగొచ్చి, అధికారి జీపులో ఉన్న దుకాణం కల్లు కూడా తీసుకుని అయిదు డొప్పలు వరసగా పెట్టించాడు. ఊరంతా ఆఫీసు ముందు చేరింది. ఉప్పలయ్య కర్ర మీద రెండు చేతులూ బిగించి నిలబడ్డాడు.

మొదటి డొప్ప. "వాగు ఇసుక. పొద్దుగాలది."

రెండోది. "కట్ట కింద రేగడి. తూములకు దగ్గరున్న చెట్టు. బురద వాసనున్నది."

మూడోది నోట్లో పడగానే ఆమె ముఖం మెత్తబడింది. "ఇది నాది. గుట్టది."

నాలుగోది తాగి ఆగింది. మళ్ళీ ఇంకో గుక్క తీసుకుంది. నర్సాగౌడ్ పెదవుల మీద నవ్వు మొలుస్తోంది.

"మామా, ఇది ఒక్క చెట్టుది కాదు. సగం వాగుది, సగం కట్టది. వాగుది ఇయ్యాలటిది, కట్టది నిన్నటిది. ఎవలు కలిపిండ్రో గని, చెయ్యి తిరిగినోల్లే."

నవ్వు అక్కడే ఆగిపోయింది. కలిపింది ఆయనే. సొంతింట్లో, తలుపు వేసుకుని కలిపాడు.

అయిదోది నోట్లో పోసుకుని వెంటనే ఉమ్మేసింది. కళ్ళకు కట్టిన తువ్వాల విప్పింది. "దీంట్ల నా గుట్ట బొట్టు లేదు. రేగడి కల్లు పావు. తక్కిందంత నీళ్ళు, పొడి. మొదట తీపి, ఎనుక నాలుక గుంజే చేదు. ఏ నేలా ఇట్లాంటి చేదు ఇయ్యదు సారూ. ఇది మనిషి పోసింది."

విశ్వనాథం ఏదో అనబోయాడు. "నువ్వు కూసో" అన్నాడు నర్సాగౌడ్. తర్వాత అధికారితో, "సారూ, నలభై ఏండ్లు గీసిన. నాకే రాదు ఈ నాలుక. మా మనిషి అబద్ధం చెప్తలేదు. రిపోర్టొచ్చేదాక ఆమె గీస్తది. ఏదన్నయితే సంఘం జవాబుదారీ" అన్నాడు.

అధికారి తన కాగితాలన్నీ తిరగేశాడు. నాలుక చెప్పిన సాక్ష్యం రాయడానికి వాటిలో గడి లేదు. చివరికి ఒక మూల 'సంఘం హామీ మేరకు' అని రాసుకుని, వెళ్ళేముందు ఆ మూడో డొప్ప ఖాళీ చేసి వెళ్ళాడు.

రిపోర్టు అయిదు వారాలకు వచ్చింది. ఆమె చెప్పినదే పెద్ద పెద్ద పేర్లతో చెప్పింది. విశ్వనాథం దుకాణం మూతపడి, మరుసటి ఏడు బావమరిది పేరు మీద మళ్ళీ తెరుచుకుంది. మనుషుల వ్యవహారం. అండాలు పేరు మాత్రం సంఘం పుస్తకంలో ఎక్కింది. నర్సాగౌడ్ మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన చేత్తోనే రాశాడు. ఇప్పుడు ఊళ్ళో మండువలు మూడు. కట్ట కల్లు, వాగు కల్లు, గుట్ట కల్లు. ఏదీ దేనిలోనూ కలపరు. కట్ట కల్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు కూడా ఉన్నారట. ఉండనీ. ఆ నేలకూ తనదంటూ ఒక మాట ఉంటుంది.

నేను మళ్ళీ చెట్టెక్కలేదు. పగిలిన లొట్టిలో కల్లు నిలవదు. ఇంకొకరైతే పెంటకుప్ప మీద వేసేవారు. అండాలు ఆ వర్షాకాలం గుట్ట మీద నలభై తాటిటెంకలు పాతింది. ఒక దాని పక్కన గొయ్యి తీసి, నన్ను మెడదాకా పూడ్చింది. రోజూ నాలో ఒక చెంబెడు నీళ్ళు పోస్తుంది. అవి మెల్లగా మొరంలోకి ఇంకుతాయి. ఇన్నేళ్ళు చెట్టు ఇచ్చింది పట్టుకున్నాను. ఇప్పుడు చెట్టుకు ఇవ్వడం నేర్చుకుంటున్నాను. ఇదీ కష్టమైన పనే.

మొన్న నర్సాగౌడ్ ఆయాసపడుతూ గుట్ట ఎక్కివచ్చాడు. వరసలు చూసి తల పట్టుకున్నాడు.

"ఏందే కోడలా ఇది? తాడి గీతకు రావాలంటే పదిహేను ఇరవై ఏండ్లు. అప్పటికి నువ్వెక్కుతవా?"

"నేనెందుకెక్కుత మామా? అప్పటికి ఎవలకు చాతనైతే వాళ్ళెక్కుతరు."

"మరి నీకేమొస్తది?"

అండాలు చెంబు వంచి నాలో నీళ్ళు పోసింది. పక్కనే ఎర్రమట్టిని చీల్చుకుని, కత్తిమొన లాంటి ఒక్క ఆకు లేచి ఉంది. దాన్ని గాలి కదిలించలేకపోతోంది.

"జాగా నువ్వే ఇస్తివి గదా మామా, పనికిరాదని" అంది. తర్వాత చెంబు పట్టుకుని రెండో గుంట దగ్గరికి నడిచింది.