మూత పలక

ఎవర్ట్ ఓక్ పలకకి చిత్రిక పడుతున్నాడు. మోకాలు బల్లకి ఆనించి, నాలిక కొస పళ్ల మధ్య నొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టి తోస్తున్నాడు. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది. మిగతా సగం ఏనాడో గడ్డికత్తికి పోయింది. డెబ్భై ఏళ్లవాడు చేసే పని కాదిది. అయినా పందులకి కుడితి పోసి, రొట్టెముక్క మజ్జిగలో ముంచుకు తిని, పొద్దున్నే కొట్టాంలోకి వచ్చేశాడు.

ఆ పలక అతని శవపేటిక మూత. పద్దెనిమిదేళ్ల కిందట ఓక్ చెట్టు కోయించి, పలకలు అటక మీద ఎండబెట్టుకున్నాడు. మా వైపు యాభై దాటిన రైతులందరూ చేసే పనే. కోసిన కలప ఇంటి ముద్ర లేకుండా అటకెక్కదు. ఆ రోజు ఇనప ముద్ర ఎర్రగా కాల్చి, పారకామల మీదా బండి ఇరుసు మీదా వేసినట్టే, తన పేటిక మూత మీదా తన చేత్తోనే వేశాడు: రోల్వింగ్.

అతను పుట్టింది నీనాబర్‌గా. రోల్వింగ్ వారి పొలంలో కూలికొచ్చాడు. యజమాని పోతే, చంటిబిడ్డతో మిగిలిన గెషకి మారుమనువు మొగుడయ్యాడు. మా దగ్గర ఇంటిపేరు మనిషిది కాదు, పొలానిది. ఆ గడప తొక్కినవాడు తన పేరు బయట వదిలి లోపలికి రావాల్సిందే. గుడి పుస్తకంలో పాస్టరు గీసిన ఒక్క గీతతో నీనాబర్ లేకుండా పోయాడు. వెంట వచ్చింది తండ్రి ఇచ్చిన ఆ చిత్రిక ఒక్కటే. పిల్లవాడికి పాతికేళ్లు నిండేదాకా పొలం దున్ని, నిండిన రోజున తాళాలిచ్చేసి తోట చివరి రెండు గదుల్లోకి మారాడు. గెష పోయింది. పొలం పోయినందుకు అతనికి దిగులు లేదు. మట్టిలోకైనా తండ్రి పేరుతో వెళ్లాలన్న కోరిక మాత్రం ముసలితనంలో పట్టుకుంది.

మధ్యాహ్నం హిన్నెర్క్ వచ్చాడు. ఆనాటి చంటిబిడ్డ, ఇప్పుడు పొలం యజమాని.

"ఏంటి చిన్నాన్నా, పైకెళ్లడానికి అంత ఆత్రమా?"

"ఆత్రం నాది కాదురా. నా గదులు కోళ్లకిద్దామని మీ ఆవిడ ఎప్పట్నుంచో చూస్తోంది."

హిన్నెర్క్ నవ్వాడు. పలక వంక చూసి నవ్వు ఆపాడు. "ఇంటిపేరు గీకేస్తున్నావా?"

"మా నాన్న పేరు వేయించరా. ఇన్నేళ్లలో నిన్నేమైనా అడిగానా?"

హిన్నెర్క్ గీకిన చోట వేలితో రాశాడు. "ఎత్తుకుని పెంచావు, కాదనను. కానీ అది కూలోళ్ల పేరు చిన్నాన్నా. పెంచినవాణ్ణి కూలోడిలా పూడ్చాడని ఊరంతా నా మొహాన ఉమ్మేస్తారు."

"అననీరా. పోయేది నేను."

"ఉండేది నేను," అని వెళ్లిపోయాడు.

ఎవర్ట్ మళ్లీ పలక మీదికి వంగాడు. ముద్ర లోతుగా దిగింది. అప్పట్లో ఒంట్లో సత్తువ ఉంది, బలంగా నొక్కాడు. ఆ సత్తువ మీద ఇప్పుడు కోపం వచ్చింది. పొద్దు వాలేసరికి చివరి అక్షరం కూడా పోయింది. అరచేత్తో పలకని అటూ ఇటూ తడిమి, బల్ల పక్కన కూర్చున్నాడు.

"మావయ్యా, అట్లు చల్లారిపోతున్నాయి," అంటూ కోడలు ఆల్కె వచ్చింది. పలకకి చెంప ఆనించుకుని ఉన్నాడు. గడ్డం నిండా చెక్కపొట్టు. రెండోసారి పిలిచి, భుజం ముట్టుకుని, చేతిలో పళ్లెం కింద పెట్టేసింది.

మర్నాడు పొరుగువాళ్లమంతా పేటిక మొయ్యడానికి చేరాం. హిన్నెర్క్ ఏడుస్తున్నాడు, అది దొంగ ఏడుపు కాదు. ఏడుస్తూనే ఇనప ముద్ర పొయ్యిలో పెట్టాడు. ఎర్రబడ్డాక రెండు చేతులతో, ఎవర్ట్ నొక్కినంత బలంగా, తెల్లటి మూత మీద నొక్కి పట్టాడు. గది నిండా పొగ కమ్మింది. తండ్రికి తగిన మర్యాద చేశాడని అందరూ తలలూపారు. ఎవర్ట్ నోటే ఆ కోరిక విన్న నేను కూడా ఊపాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

చిత్రిక ఇంకా ఆ కొట్టాం బల్ల మీదే ఉంది. దాని నోట్లో సన్నటి ఓక్ పొర ఒకటి ఇరుక్కుని ఉంది, ఒక అంచు నల్లగా కాలి.